కొండలెక్కేవాడు మొత్తం పోటీ గెలవగలడా?

ప్రతి యేటా ఐరోపాలో సైకిలు పోటీల కాలం వచ్చిందంటే, వాటిని శ్రద్ధగా చూసే మా నలుగురైదుగురు మిత్రుల మధ్య ఒక పాత వివాదం కొత్తగా మొదలవుతుంది. కొండలెక్కడంలో మాత్రమే ఆరితేరినవాడు మూడు వారాల పోటీని మొత్తం మీద గెలవగలడా, లేక ఒకటి రెండు రోజుల మెరుపులతో సరిపెట్టుకోవలసినవాడేనా అన్నది ఆ వివాదం. తెలుగు పండితుడికి సైకిళ్ళ పోటీలతో ఏమి పని అని ఎవరికైనా సందేహం కలిగితే నా సమాధానం ఒక్కటే. ముప్పయి యేళ్ళు సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళి పాఠాలు చెప్పినవాణ్ణి. ఎదురుగాలి అంటే ఏమిటో నా మోకాళ్ళకు తెలుసు. ఆపాటి అధికారంతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

పరిచయం లేనివారి కోసం ముందుగా పోటీ పద్ధతి చెబుతాను. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్, 1909లో మొదలైన జిరో ద ఇటాలియా, 1935లో మొదలైన స్పెయిన్ దేశపు వుయెల్టా, ఈ మూడూ ఈ క్రీడలో మహాపోటీలు. ఒక్కొక్కటీ ఇప్పుడు మూడు వారాల పాటు 21 అంచెలుగా సాగుతుంది. ప్రతి అంచెకూ ఒక విజేత ఉంటాడు. కానీ అన్ని అంచెలకూ పట్టిన కాలాన్ని కూడితే ఎవరి మొత్తం తక్కువో వాడే అసలు విజేత. అంచెలు అన్నీ ఒక రకం కావు. కొన్ని చదునైన దారులు, కొన్ని పర్వతాలు. కొన్ని రోజులు టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ విడివిడిగా బయలుదేరి గడియారంతో పోటీపడే పరీక్ష. ఇందులో ముందువాడి చాటు ఉండదు, తోడు ఉండదు. మనిషీ, గాలీ, గడియారమూ మాత్రమే.

మా మిత్రులలో ఒక పక్షం వారి వాదం సులువైనది, వినసొంపైనది. మైదానంలో గుంపంతా కలిసి ఒకే కాలానికి గమ్యం చేరుతుంది కాబట్టి అక్కడ ఎవరికీ తేడా రాదు. తేడాలు పుట్టేవి కొండల మీదనే. కనుక కొండల మీద అందరికన్నా గట్టివాడే గెలవాలి, ఇది వారి తర్కం. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ముందు ఒప్పుకుంటాను.

ఏటవాలు దారిలో సైకిలిస్టు ముఖ్యంగా పోరాడేది భూమి ఆకర్షణతో. వేగం తక్కువ కాబట్టి గాలి ప్రభావం కొంచెమే. అక్కడ బలం ఎంత పెరిగితే వేగం దాదాపు అంతగానూ పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 10 కిలోమీటర్ల కొండ ఎక్కడానికి 30 నిమిషాలు పడుతుందనుకుందాం. నూటికి 5 వంతులు ఎక్కువ వేగంతో ఎక్కగలిగినవాడు దాదాపు నిమిషంన్నర ముందు శిఖరం చేరతాడు. చదునునేల మీద అలా కాదు. అక్కడ గాలిని చీల్చడానికి కావలసిన బలం వేగపు ఘనంతో పాటు పెరుగుతుంది. అదే 5 వంతుల అదనపు బలం అక్కడ వేగాన్ని నూటికి రెండు వంతులు కూడా పెంచదు. కాబట్టి కాలాన్ని సంపాదించుకోవడానికి కొండకు మించిన చోటు లేదు. ఇంతవరకూ వారి పక్షమే నెగ్గింది.

మరి మిగిలిన సగం? కొండలెక్కేవాడు బక్కపలచటివాడు, 60 కిలోలకు అటూఇటూ ఉండేవాడు. కొండ మీద కొలత 'కిలోకు ఎంత బలం' అన్నది కాబట్టి అతడికి అది వరం. కానీ చదునునేల మీద గాలి ఎవరి బరువూ అడగదు. మొత్తం బలమెంత, దానికి అడ్డు వచ్చే శరీరమెంత అనే అడుగుతుంది. 75 కిలోల మనిషికి మొత్తం బలం చాలా ఎక్కువ. గాలికి ఎదురయ్యే అతడి ఛాతీ, భుజాలు మాత్రం బరువు పెరిగినంతగా పెరగవు. పైగా ఇంకొక చిన్న అన్యాయం ఉంది. నిబంధన ప్రకారం పోటీ సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. 58 కిలోల వాడికి అది తన బరువులో నూటికి దాదాపు 12 వంతులు. 72 కిలోల వాడికి తొమ్మిదిన్నర కూడా కాదు. అంటే కొండ మీద సైతం చిన్నవాడి లాభంలోంచి సైకిలు కొంత కోసుకుంటుంది.

గాలి సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా బడికి వెళ్ళే దారి పొలాల మధ్య కొలబద్ద పెట్టి గీసినట్టు ఉండేది. వేసవి ముదిరిన రోజుల్లో ఎదురుగాలికి సైకిలు నిలబడిపోయేది. ముందు గడ్డిబండి పోతోందంటే మాకు పండగ. దాని వెనుక చేరితే గాలి చచ్చిపోయేది, కాళ్ళు తేలికపడేవి. బండి మలుపు తిరిగి వెళ్ళిపోగానే ఎవరో గుండె మీద చేయి వేసి వెనక్కి నెట్టినట్టు ఉండేది. టైమ్ ట్రయల్ అంటే గడ్డిబండి లేని దారి. ఒక గంట సేపు.

మనవాళ్ళు 'యోగక్షేమాలు' అని ఒక జంటమాట వాడతారు. ఉత్తరాలలో కుశలం అడగడానికే అది మిగిలిపోయింది గానీ, నిజానికి అవి రెండు వేరువేరు మాటలు. లేనిదాన్ని సంపాదించుకోవడం యోగం. సంపాదించినదాన్ని జారిపోకుండా నిలుపుకోవడం క్షేమం. నా అభిప్రాయం యావత్తూ ఈ జంటమాటలోనే ఉంది. కొండలెక్కేవాడికి యోగం పుట్టుకతో వచ్చింది. అతడిని ఓడించేది యోగం చాలకపోవడం కాదు, క్షేమం తెలియకపోవడం. అది నేర్చినవాడు గెలిచాడు, నేర్వనివాడు ఎంత గొప్పగా ఎక్కినా రెండవవాడుగానే చరిత్రలో మిగిలాడు.

మొదట ఓడినవారిని చూద్దాం. 1992 టూర్‌లో ఇటలీ వాడు క్లావ్దియో కియపుచ్చి సెస్త్రియేరె వెళ్ళే అంచెలో 200 కిలోమీటర్లకు పైగా ముందుండి, చివరికి ఒంటరిగా గెలిచాడు. దారి పొడవునా జనం. ఆ రోజును చూసినవారు ఇప్పటికీ కథలుగా చెబుతారు. కానీ అదే సాయంత్రం పసుపు చొక్కా తొడుక్కున్నది అతడు కాదు. నిమిషం ముప్పావు వెనుకగా మూడవవాడై వచ్చిన స్పెయిన్ దేశస్థుడు మిగెల్ ఇందురాయిన్. ఎందుకంటే ఆ ఆజానుబాహువు అంతకుముందే లక్సెంబర్గులో 65 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌ను, రెండవవాడికి 3 నిమిషాల దూరంలో, గెలిచి కూర్చున్నాడు. చివరకు కియపుచ్చి 4 నిమిషాల 35 సెకన్ల తేడాతో రెండవవాడు. కొండల చుక్కల చొక్కా అతడిదే. పోటీ మాత్రం ఇందురాయిన్‌ది.

2011లో లక్సెంబర్గు యువకుడు ఆండీ ష్లెక్ గాలిబియె శిఖరానికి 60 కిలోమీటర్ల ముందుగా గుంపును వదిలి వెళ్ళాడు. ఈ రోజుల్లో అంత సాహసం అరుదు. మర్నాడు పసుపు చొక్కా అతడిదయింది. ఆస్ట్రేలియా వాడు కేడెల్ ఇవాన్స్ కన్నా 57 సెకన్లు ముందు. ఇక మిగిలింది గ్రెనోబుల్‌లో 42.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అందులో ఇవాన్స్ అతడికన్నా 2 నిమిషాల 31 సెకన్లు త్వరగా ముగించాడు. గాలిబియె మీద చేసిన సంపాదన అంతా ఒక గంట లోపల ఖర్చయిపోయింది. మరుసటి యేడు జిరోలో హ్వాకిన్ రోద్రిగెస్‌దీ అదే గతి. చివరి రోజు మిలాన్ నగరంలో సుమారు 28 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌కు 31 సెకన్ల ఆధిక్యంతో బయలుదేరినవాడు, 16 సెకన్ల తేడాతో కెనడా వాడు రైడర్ హెషెడాల్‌కు పోటీని అప్పగించాడు.

'చూశారా, అందుకే టైమ్ ట్రయల్స్ తగ్గించమంటున్నాము' అంటుంది మా మిత్రపక్షం. తగ్గించారు కూడా. 2015 టూర్‌లో ఒంటరి టైమ్ ట్రయల్ మొత్తం 13.8 కిలోమీటర్లు మాత్రమే. కొలంబియా కొండబిడ్డ నైరో కింతానాకు ఇంతకన్నా అనుకూలమైన దారి దొరకదని అందరూ అనుకున్నారు. ఆల్ప్స్‌లో చివరి రెండు పర్వతదినాల్లోనూ క్రిస్ ఫ్రూమ్‌ను అతడు వదిలించుకున్నాడు కూడా. అయినా 1 నిమిషం 12 సెకన్ల తేడాతో ఫ్రూమే గెలిచాడు. కింతానా ఎక్కడ పోగొట్టుకున్నాడు? రెండవ రోజున, నెదర్లాండ్స్ సముద్రతీరంలో, కొండ అన్న మాటే లేని చోట. పక్కగాలికి గుంపు ముక్కలయింది. ముందు ముక్కలో ఫ్రూమ్ ఉన్నాడు, వెనుక ముక్కలో కింతానా. ఆ రోజు నష్టం 1 నిమిషం 28 సెకన్లు. మొత్తం పోటీ తేడా కన్నా ఆ ఒక్కరోజు గాలి పెద్దది. 'మైదానంలో ఎవరికీ తేడా రాదు' అన్న వాదానికి ఇంతకన్నా సమాధానం నాకు తెలియదు.

దీనికి జవాబుగా 2019ని చూడాలి. ఆ యేడు అల్బీ పట్టణానికి వెళ్ళే చదునైన అంచెలో మళ్ళీ పక్కగాలి వీచింది. ఫ్రాన్సు ఆశలన్నీ మోస్తున్న కొండలెక్కేవాడు తిబో పినో వెనుక ముక్కలో చిక్కుకుని 1 నిమిషం 40 సెకన్లు పోగొట్టుకున్నాడు. మరొక కొండలెక్కేవాడు, 22 యేళ్ళ కొలంబియా కుర్రవాడు ఎగన్ బెర్నాల్, తన జట్టువారి చాటున ముందు ముక్కలోనే నిలిచాడు. ఆ రోజు అతడు చేసిందల్లా నిలవడమే. తొమ్మిది అంచెల తరువాత ఇజెరాన్ శిఖరం మీద పినో గాయంతో పోటీ విడిచిన రోజునే, బెర్నాల్ అందరినీ వదిలి ముందుకు పోయాడు. వడగళ్ళూ, విరిగిపడిన కొండచరియలూ దారిని మూసేయడంతో శిఖరం దగ్గరి కాలాలనే లెక్కలోకి తీసుకున్నారు. పసుపు చొక్కా అతడిది. కొలంబియాకు అదే మొదటి టూర్ విజయం. శిఖరం మీది బెర్నాల్‌ను అందరూ గుర్తుపెట్టుకున్నారు. అల్బీ గాలిలోని బెర్నాల్ లేకుంటే శిఖరం మీది బెర్నాల్‌కు విలువ ఉండేది కాదు.

గెలిచిన పాతవారిని చూసినా ఇదే తేలుతుంది. 1958లో లక్సెంబర్గు వాడు షార్లీ గౌల్ టూర్ గెలిచాడు. 'పర్వతాల దేవదూత' అని అతడికి బిరుదు. వానలో, చలిలో ఎక్స్-లె-బాఁ పట్టణానికి వెళ్ళే అంచెలో, పదిహేను నిమిషాలకు పైగా వెనుక ఉన్నవాడు దాదాపు ఆ లోటంతా ఒక్కరోజులో పూడ్చుకున్నాడు. ఈ కథ అందరూ చెబుతారు. కానీ ఆ యేడు గౌల్ గెలిచిన నాలుగు అంచెలలో మూడు టైమ్ ట్రయల్స్ అన్న సంగతి ఎవరూ చెప్పరు. ఒకటి మాంట్ వెంతూ కొండ మీదిది. కానీ అతడికి చివరికి పసుపు చొక్కా తొడిగినది ముగింపుకు ముందురోజు దిజోన్‌లో ముగిసిన దీర్ఘమైన టైమ్ ట్రయల్. దేవదూతకు నేల మీద నడవడం కూడా వచ్చునన్నమాట.

బెల్జియం వాడు లూసియెన్ వాన్ ఇంపె ఆరుసార్లు టూర్‌లో కొండల రారాజు. మొత్తం పోటీ గెలిచింది మాత్రం ఒక్కసారి, 1976లో. విచిత్రమేమిటంటే ఆ యేడు కొండల బిరుదు అతడికి దక్కలేదు. అదే మొదటిసారి జట్టుకు మార్గదర్శకుడిగా వచ్చిన సిరిల్ గిమార్, కొండల పాయింట్లు ఏరుకునే అలవాటు నుంచి అతడిని మళ్ళించి, పిరెనీ పర్వతాలలో సెంత్ లారి అంచెలో దూరం నుంచే దాడి చేయమని పట్టుబట్టాడు. వాన్ ఇంపె మొదట జంకాడు, తరువాత కదిలాడు. లోయలో లూయిస్ ఒకాన్యా తోడు దొరికింది. ప్రత్యర్థి యూప్ జూటెమెల్క్ ఆ రోజు మూడు నిమిషాలకు పైగా నష్టపోయాడు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఆ లోయ. రెండు కొండల మధ్య చదునులో తోడు ఉన్నవాడికే కొండ మీది సాహసం ఫలిస్తుంది. ఒంటరివాడి సంపాదనను లోయ తినేస్తుంది.

2008లో స్పెయిన్ వాడు కార్లోస్ సాస్త్రె ఆల్ప్ ద్యుయెజ్ మీద గెలిచి, ఇవాన్స్ కన్నా 1 నిమిషం 34 సెకన్లు ముందుగా చివరి టైమ్ ట్రయల్‌కు వచ్చాడు. 53 కిలోమీటర్ల దారి. ఇవాన్స్ ఈ విద్యలో అతడికన్నా చాలా మెరుగు. సాస్త్రె నష్టపోతాడని అందరికీ తెలుసు. ఎంత అన్నదే ప్రశ్న. పోగొట్టుకున్నది అర నిమిషమే. ఆ రోజు సాస్త్రె అంచె గెలవలేదు, దరిదాపులకు కూడా రాలేదు. కానీ టూర్ గెలిచింది ఆ రోజునే. ఓడిపోవడంలో కూడా ఒక నేర్పు ఉంటుందని, తక్కువగా ఓడిపోవడం గెలుపులో సగమని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఇక, నా వాదానికి అన్నిటికన్నా ఇష్టమైన సాక్షిని నేనే వెనక్కి పంపవలసి వస్తోంది. 1998లో మార్కో పంతాని. మొదటి పెద్ద టైమ్ ట్రయల్‌లో 4 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. వానలో గాలిబియె మీద యాన్ ఉల్రిక్‌ను వదిలి లె దెజ్ ఆల్ప్ చేరేసరికి 8 నిమిషాల 57 సెకన్లు సంపాదించాడు. చివరి టైమ్ ట్రయల్‌లో మళ్ళీ 2 నిమిషాల 35 సెకన్లు వదులుకున్నాడు. 3 నిమిషాల 21 సెకన్లతో గెలిచాడు. యోగమూ క్షేమమూ పక్కపక్కన పెట్టి జమాఖర్చు రాసినట్టు ఉంటుంది ఆ పోటీ. కానీ 2013లో ఫ్రాన్సు సెనేట్ నివేదిక, ఆనాటి నమూనాలను తరువాత పరీక్షిస్తే పంతానిలోనూ ఉల్రిక్‌లోనూ నిషిద్ధమైన ఇ.పి.ఓ. ఉన్నట్టు బయటపెట్టింది. అప్పటికి పంతాని లేడు. 2004లో రిమినిలో, 34 యేళ్ళకే వెళ్ళిపోయాడు. అతడి మీద నాకు జాలి ఉంది, ప్రేమ కూడా ఉంది. సాక్ష్యంగా మాత్రం అతడిని నిలబెట్టను. ఏది అతడి కాళ్ళ బలమో, ఏది మందు బలమో తేల్చలేని చోట లెక్క కుదరదు.

ఇప్పుడు అసలు అభిప్రాయభేదానికి వస్తాను. టైమ్ ట్రయల్స్ తీసివేయండి, కొండలు పెంచండి, అప్పుడు గిరివీరులు గెలుస్తారు, పోటీ రక్తి కడుతుంది అనే మాట నాకు సమ్మతం కాదు. ఎందుకో చెప్పడానికి నా ఉద్యోగజీవితంలోని ఒక తప్పు చెప్పుకోవాలి.

మా బడిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పద్యం ఒకసారి వింటే వచ్చేది. ఛందస్సు చెప్పకుండానే పట్టేవాడు. గణితం మాత్రం రాదు. వాడిని చూసి నేను పొంగిపోయేవాణ్ణి. లెక్కలు రాకపోతే ఏమిరా, నీకు సరస్వతి ఉంది అని అందరి ముందూ అనేవాణ్ణి. గణితం మాష్టారు సాయంత్రం కూర్చోబెట్టుకుంటానంటే, పద్యాల పోటీ ఉందని నేనే పిలుచుకుపోయాను. పదవ తరగతి పరీక్షలో తెలుగులో బడికి మొదటివాడు. గణితంలో తప్పాడు. మళ్ళీ రాయలేదు, చదువు ఆగింది. వాడికి నేను కొండ చూపించాను గానీ మైదానం దాటించలేదు. గణితం లేని పరీక్ష ఉంటే బాగుండునని ఆనాడు అనుకున్నాను. ఈనాడు అలా అనుకోను. నేను కోరవలసింది వాడికి పాసుమార్కులు వచ్చేంత గణితం. దానికి నా నుంచి కావలసింది సాయంత్రం ఒక గంట.

అందుకే అంటున్నాను, మైదానాన్ని తీసివేసి కొండలెక్కేవాడిని గెలిపించడం అతడిని గౌరవించడం కాదు. 'మొత్తం మీద విజేత' అన్న మాటలోని 'మొత్తం' అప్పుడు ఏమయినట్టు? గౌల్ విజయానికి ఇంత తేజస్సు ఎందుకంటే అతడు గెలిచిన దారిలో అతడికి సరిపడనివన్నీ ఉన్నాయి. సరిపడని దారిలో నిలదొక్కుకున్నవాడికే సరిపడిన దారిలో ఎగిరే హక్కు. దారి వేసేవారు చూసుకోవలసింది ఒకే ఒక్కటి, తూనిక ఒక వైపే మొగ్గకుండా ఉండడం. ఒక్క గంటలో కొండలన్నిటి సంపాదనా హరించే టైమ్ ట్రయల్ ఎంత తప్పో, అసలు ఎదురుగాలే లేని పోటీ అంత తప్పు.

ఈ తరంలో ఆ చర్చకు అర్థమే లేదని కొందరంటారు. తాదే పొగాచార్ 2020, 2021, 2025 సంవత్సరాలలోనూ, యోనాస్ వింగెగార్డ్ 2022లోనూ పసుపు చొక్కాతో పాటు కొండల చుక్కల చొక్కా కూడా తీసుకున్నారు కదా, ఇక కొండలెక్కేవాడు గెలుస్తాడా అన్న ప్రశ్న ఎక్కడిది అని. కానీ వారు ఎలా గెలిచారో చూడండి. పొగాచార్ 2020లో పోటీని చేజిక్కించుకున్నది ముగింపుకు ముందురోజు టైమ్ ట్రయల్‌లో. వింగెగార్డ్ సుమారు 60 కిలోల మనిషి. 2022లో గ్రానోన్ కొండ మీద పసుపు చొక్కా సంపాదించి, చివర్లో 40.7 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో రెండవ స్థానంలో నిలిచాడు. వారు 'కొండలు మాత్రమే' వచ్చినవారు కారు. ఆ 'మాత్రమే' అన్న మాటను తమ నుంచి తొలగించుకున్న కొండవాళ్ళు. నా వాదానికి వారు ప్రతివాదులు కారు, సాక్షులు.

చివరి సాక్షి ఇంగ్లండు వాడు సైమన్ యేట్స్. 2018 జిరోలో అతడు 13 రోజులు గులాబి చొక్కా తొడిగాడు, మూడు అంచెలు గెలిచాడు. రోజూ దాడి. పది సెకన్లు దొరికినా వదలలేదు. అదంతా రాబోయే రొవెరెతో టైమ్ ట్రయల్ కోసం దాచుకోవడమేనని చూసేవారికి తెలుస్తూనే ఉంది. ఆ టైమ్ ట్రయల్‌కు ముందు టామ్ డుమూలాన్ కన్నా 2 నిమిషాల 11 సెకన్లు ముందున్నాడు; తరువాత 56 సెకన్లు. అంటే దాచుకున్నది చాలింది! కానీ దాచుకోవడానికి ఖర్చుపెట్టిన శక్తి తిరిగి రాలేదు. మూడు రోజుల తరువాత ఫినెస్త్రె కొండ మీద కాళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు 80 కిలోమీటర్లు ఒంటరిగా పోయిన ఫ్రూమ్ పోటీ గెలుచుకుపోతే, యేట్స్ 38 నిమిషాలకు పైగా వెనుకబడ్డాడు. అతడిని ఓడించింది మైదానం కాదు, మైదానమంటే భయం.

2025లో అదే జిరో, అదే ఫినెస్త్రె, ముగింపుకు ముందురోజు. 18.5 కిలోమీటర్ల ఎత్తు, చివరి భాగమంతా కంకర దారి. యేట్స్ మూడవ స్థానంలో ఉన్నాడు, మెక్సికో యువకుడు ఈసాక్ దెల్ తోరో కన్నా 1 నిమిషం 21 సెకన్లు వెనుక. మూడు వారాలుగా అతడు పెద్దగా కనబడలేదు. ఒక్క అంచె కూడా గెలవలేదు. ఆ రోజు కొండ మీద ముందుకు వెళ్ళాడు. దెల్ తోరో, కరపాజ్ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. శిఖరం దాటి లోయలోకి దిగేసరికి, ఉదయమే ముందుకు వెళ్ళి వేచి ఉన్న జట్టుసభ్యుడు వౌట్ వాన్ ఆర్ట్ అనే బలశాలి అతడికి ముందు నిలిచి గాలి కాచాడు. మా దారిలో గడ్డిబండి వంటివాడు. సాయంత్రానికి గులాబి చొక్కా యేట్స్‌ది, 3 నిమిషాల 56 సెకన్ల ఆధిక్యంతో. మూడు అంచెలు గెలిచిన యేడు పోటీ ఓడిపోయినవాడు, ఒక్క అంచె గెలవని యేడు పోటీ గెలిచాడు.

ప్రత్యర్థులు పొరపాటు చేయబట్టే గెలిచాడని అనవచ్చు. నిజమే. కానీ ఆ పొరపాటు జరిగే గంట వరకూ తన దగ్గర ఉన్నదాన్ని చెదరకుండా నిలుపుకున్నవాడికే అది అక్కరకు వచ్చింది. 2018లో అటువంటి గంట వచ్చేసరికి అతడి సంచిలో ఏమీ మిగలలేదు.

ఇంతకూ నా తీర్పు. కొండలెక్కేవాడు మొత్తం పోటీ గెలవగలడు. గెలిచాడు. కానీ కొండ మీద ఇంకా వేగంగా ఎక్కడం వల్ల కాదు. గాలిలో చాటు వెతుక్కోవడం, లోయలో తోడు పెట్టుకోవడం, గడియారం ముందు తక్కువగా ఓడిపోవడం, రోజూ మెరవాలనే కోరికను అణచుకోవడం, వీటిని నేర్చినందువల్ల. కొండ అతడికి ఇస్తుంది. ఇచ్చినదాన్ని ఇంటికి చేర్చుకోవలసింది మైదానం మీదుగానే.

ఆ కుర్రవాడికి ఈ మాట చెప్పడానికి నాకు ముప్పయి యేళ్ళు ఆలస్యమైంది. ఇప్పుడు వాడు ఎక్కడున్నాడో తెలియదు. పద్యాలు మరిచిపోయి ఉండడని మాత్రం నమ్ముతాను.

దీనితో విభేదించే మిత్రులు ఉంటారు. వచ్చే పోటీల కాలంలో లెక్కలతో రండి, మళ్ళీ మాట్లాడుకుందాం.

స్వస్తి.